తెల్లకార్డులో రోజీ పేరు

హూరా, బహ్రెయిన్
14 ఆగస్టు 2009

ప్రభువునందు ప్రియమైన సువార్తమ్మ వదినకూ, టిమోతి అయ్యగారికీ, మన సంఘంలోని పెద్దలకూ పిన్నలకూ రోజీ వందనాలు.

ఇక్కడ ఎండ నిప్పులు చెరుగుతోంది. అయినా దేవుడు నన్ను చల్లని నీడలోనే ఉంచాడు. డ్యూటీలో నాకు కొత్త బాధ్యతలు ఇచ్చారు. మూడు అంతస్తులు ఇప్పుడు నా చేతి కిందే ఉన్నాయి. నేను వెళ్ళకపోతే అక్కడ ఎవరికీ పొద్దు గడవదు. ఎక్కడో కొత్తలంకలో పుట్టిన నన్ను సముద్రాలు దాటించి ఇంత పరిచర్యలో నిలబెట్టిన దేవునికి స్తోత్రం. మా వదిన నాకు తల్లి తర్వాత తల్లి. ఆమెకు ఏ లోటూ రాకుండా చూసుకునే భాగ్యం నాకు కలిగింది. నా పేరున కృతజ్ఞతార్పణ ఇవ్వవలసిందిగా ఆమెకు రాస్తున్నాను. నా కోసం ప్రార్థన చేయండి.

మీ
రోజీ

(వదినా, ఈ చీటీ నీకొక్కదానికే. ఉత్తరం అయ్యగారికి ఇచ్చే ముందు తీసెయ్యి. ఈ నెల కూడా డబ్బు పంపడం కుదరలేదు. కానుక మాత్రం ఎప్పటిలాగే వేసెయ్యి, తర్వాత సర్దుతాను. జవాబు ముఖ్తార్ భాయ్ కోల్డ్ స్టోర్ అడ్రసుకే రాయి. ఫోన్ చెయ్యకు. గదిలో అందరూ చెవులు రిక్కించి వింటారు.)


కొత్తలంక
30 ఆగస్టు 2009

ప్రియమైన రోజీకి వదిన రాయునది.

నీ ఉత్తరం అందింది. ఈ ఆదివారం వాక్యం అయ్యాక అయ్యగారు చదివారు. అంతస్తుల దగ్గరకొచ్చేసరికి గొంతు పెంచి రెండుసార్లు చదివారు. ఆడవాళ్ళ వైపు నుంచి "స్తోత్రం" అని వినిపించింది. కానుక వేశాను. ఇంతవరకూ బాగానే ఉంది.

ఇక నా గోల విను. మన డ్వాక్రా గ్రూపుకి కొత్త పథకం వచ్చింది. ఆడవాళ్ళు రోజుకో రూపాయి చొప్పున దాచుకుంటే, ప్రభుత్వం దాని పక్కన ఇంకో రూపాయి వేస్తుందట. అరవై దాటాక నెలనెలా పింఛను ఇస్తారట. బీదవాళ్ళకే. తెల్ల రేషన్ కార్డు ఉండాలి, గ్రూపులో అందరూ "ఔను, ఈమె బీదదే" అని ఒప్పుకోవాలి. నాకు ప్రాణం లేచొచ్చిందనుకో. పీచు మిల్లులో దుమ్ముకి నా గుండెల్లో పిల్లికూతలు మొదలయ్యాయి. ఎన్నాళ్ళు పని చేస్తానో తెలియదు. నాకా పిల్లల్లేరు, మీ అన్నయ్య సత్యవేదం ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయాడు.

మీటింగులో లీడరు నరసాయమ్మ పేర్లు చదువుతోంది. నా పేరు రాగానే నాగేశ్వరి లేచింది.

"ఆళ్ళకేటండీ! మరదలు గల్ఫులో నర్సుద్యోగం చేత్తా ఉంది. పొద్దున్నే కదండీ చర్చీలో ఇన్నాం, మూడంతస్తులు ఆవిడ చేతి కిందే ఉన్నాయంట. అలాంటోళ్ళు రూపాయి కోసం మనతో పాటు నిలబడతారేటండీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను? నరసాయమ్మ నా వైపు చూసి, "ఏవనుకోకు సువార్తమ్మా, ఆ కార్డులో రోజీ పేరు కూడా ఉంది కదా, నీ పేరు పక్కన పెడతన్నాను" అంది. పేర్లు పై వారికి పంపేది ఒక్కసారేనట. దీపావళి వెళ్ళాక పంపుతారు. ఇప్పుడు పోతే పోయినట్టే.

కాబట్టి ఒక చిన్న ఉత్తరం రాయి. నీకు అక్కడ ఎంత వస్తుందో, నాకు ఎంత పంపగలుగుతున్నావో, ఉన్నది ఉన్నట్టు రాసి నరసాయమ్మ పేరున పంపు. చర్చిలో చదివించను, ఆమె ఒక్కతే చూస్తుంది.

ఒంట్లో జాగ్రత్త.

వదిన


హూరా
11 సెప్టెంబరు 2009

వదినా,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. ఉపవాసాల నెల కదా, ఇక్కడ పగలు రోడ్డు మీద మంచినీళ్ళు కూడా తాగకూడదు. ఆ దాహంలో ముఖ్తార్ భాయ్ కొట్టు ముందు నిలబడి చదివాను. ఆయన "క్యా హువా, ఘర్ మే సబ్ ఠీక్?" అని ఇంటి క్షేమం అడిగితే ముఖం చాటేసి వచ్చేశాను.

నాన్న సంఘపెద్ద. చర్చి గోడ మీద ఆయన పేరుంది. అలాంటి ఇంటి కోడలివి నువ్వు వెళ్ళి, నేను బీదదాన్ని, నమ్మండి నమ్మండి అని నాగేశ్వరి ముందు బతిమాలుకుంటావా? ఆ రూపాయి ఏదో నేనే వేస్తాను. ప్రభుత్వం వేసే రూపాయి కూడా నేనే వేస్తాను. నిన్ను చూసుకోవడానికి నేను చచ్చిపోయానా?

నరసాయమ్మకు ఏ ఉత్తరమూ రాయను. ఆమెకు తెలిసిందంటే రచ్చబండ మీద పెట్టినట్టే. అమలాపురం వెళ్ళే వాళ్ళతో నీకు దగ్గుకి రాసుకునే మందు, రెండు సబ్బులు, పాలపొడి డబ్బా పంపుతున్నాను. మిల్లు మానెయ్యి. ఇంట్లో కూర్చో.

రోజీ


కొత్తలంక
24 సెప్టెంబరు 2009

రోజీ,

సబ్బులు ముట్టాయి. వాసన బాగుంది. నాగేశ్వరి వచ్చి వాసన చూసి, "నర్సు సబ్బండీ" అంది. ఒకటి ఆమెకే ఇచ్చేశాను. మనం కలవాళ్ళం కదా.

ఇంట్లో కూర్చోమన్నావు. కూర్చుంటే ఏం తింటానో కూడా రాయవలసింది. నువ్వు చివరిసారి డబ్బు పంపింది ఈస్టరుకు ముందు. నేను నిన్ను ఎప్పుడైనా అడిగానా? అడగలేదు. ఎందుకంటే నువ్వు పంపని నెలల్లో నీకూ లేదని నాకు తెలుసు. నీ పొట్ట కట్టుకుని పంపుతావు కానీ ఉంచుకుని ఎగ్గొట్టే రకం కాదు మా రోజీ.

కానుకల సంగతి కూడా చెప్పేస్తున్నాను, కోపం తెచ్చుకున్నా సరే. "తర్వాత సర్దుతాను" అని రాస్తావు. ఒక్కసారీ సర్దలేదు. నీ పేరు చదివిన ప్రతిసారీ పళ్ళెంలో పడింది నా మిల్లు కూలి. నీ ఉత్తరం చదివాక ఖాళీ పళ్ళెం ముందు కూర్చోలేను కదా! ఆ వారం చింతకాయ పచ్చడితో గడిపేస్తాను. చర్చి గోడ మీద మామయ్యగారి పేరు చల్లగా ఉంటుంది, పొయ్యి కూడా అలాగే ఉంటుంది.

నీ పని ఏమిటని నేను అడగను. ఇన్నేళ్ళు అడగలేదు. కానీ మొన్న మిల్లులో ఊపిరి ఆడక కూలబడిపోయాను. నీళ్ళు చల్లి లేపారు. మేస్త్రీ, "ముసలోళ్ళని పెట్టుకుంటే నా పేణం మీదకొత్తాది" అన్నాడు. రేపో మాపో వద్దంటాడు. ఆ తర్వాత ఎవరి గుమ్మం ముందు నిలబడమంటావు? ఇప్పుడు బీదదాన్నని చెప్పడానికి నీకు సిగ్గు. అప్పుడు అడుక్కోవడానికి నాకు సిగ్గు ఉండదా?

దీపావళి దగ్గరకొచ్చేసింది. ఆలోచించుకో.

వదిన


హూరా
9 అక్టోబరు 2009

వదినా,

శుక్రవారం ఆరాధనకు వెళ్ళకుండా గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. నీ కూలి డబ్బుతో నా పేరున కానుకలు పడ్డాయని చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నేను నర్సును కాను. అసలు నర్సునని నేను ఎప్పుడూ రాయలేదు, వదినా. మొదట్లో రిఫాలో ఒక ఇంట్లో ఉండేదాన్ని. ఆ ఇంటి ముసలమ్మకి మంచం మీదే అన్నీ. మందులు ఇచ్చేదాన్ని, ఒళ్ళు తుడిచేదాన్ని. అదే రాశాను. అయ్యగారు చదివి, మన రోజీ రోగులకు సేవ చేస్తోంది, నర్సు పరిచర్యలో ఉంది అని ప్రకటించారని నువ్వే మురిసిపోతూ రాశావు. ఆ మాట నాకూ తియ్యగా ఉంది. కాదని రాయడానికి కలం ఎత్తాను, రాయలేకపోయాను. తర్వాతి ఉత్తరానికి నేనే ఇంకొంచెం కలిపాను. ఆ తర్వాత కలపడం అలవాటైపోయింది.

ముసలమ్మ చనిపోయింది. నాకు వీసా ఇచ్చిన కఫీల్ కొడుకు "ఖలాస్", ఇక పని లేదు అన్నాడు, అంతే. ఇప్పుడు బయట పనులు చేసుకుంటున్నాను. ఏటేటా వీసా కాగితం కోసం కఫీల్‌కే సగం సంపాదన పోతుంది. హూరాలో ఒక బిల్డింగు మెట్లు కడుగుతాను. మూడు అంతస్తులు అంటే అవే. తర్వాత ఒక హోటలు ఫ్లాట్లలో బాత్రూములు. వారాంతం వచ్చేవాళ్ళు తాగి చేసిపోయినవి అన్నీ నా చేతుల మీదుగానే పోవాలి. యాసిడ్‌కి గోళ్ళు పుచ్చిపోయాయి. ఉత్తరాల్లో ఫొటో ఎందుకు పెట్టనో ఇప్పుడు తెలిసిందా?

ఇక్కడి తెలుగు సంఘంలో నా పని ఏమిటో అందరికీ తెలుసు. వాళ్ళలో సగం మందిదీ అదే పని. ఇక్కడ సిగ్గు లేదు. అక్కడికి రాయాలంటేనే సిగ్గు.

ఈ ఉత్తరం నరసాయమ్మకు చూపించు. ఆమెతో పాటు గ్రూపంతా చూసినా సరే. నీ పేరు ఎక్కాలి. నాగేశ్వరి నవ్వితే నవ్వనీ.

నన్ను క్షమించు.

రోజీ


కొత్తలంక
27 అక్టోబరు 2009

బంగారు తల్లీ రోజీ,

నా పేరు ఎక్కింది! దీపావళి వెళ్ళిన మర్నాడే మీటింగు పెట్టారు. నాగేశ్వరి కూడా నోరెత్తలేదు. మొదటి కిస్తీ కట్టేశాను. చీటీ మీద నా పేరు రాసి ఇచ్చారు. ఇంటికొచ్చి మీ అన్నయ్య ఫొటోకి చూపించాను.

నీ ఉత్తరం చూపించే అవసరం రాలేదు. మాటల్లోనే పని అయిపోయింది. దాన్ని బైబిల్లో దాచాను. నువ్వు దాని గురించి ఇంక బాధపడకు. కష్టపడి తినడంలో తప్పేముంది? చేతులకి కొబ్బరినూనె రాసుకో. రాత్రిపూట రాసుకుని పాత గుడ్డ చుట్టుకుంటే గోళ్ళు నిమ్మళిస్తాయి.

కొన్నాళ్ళు చర్చికి ఉత్తరాలు రాయకు. అయ్యగారు కన్వెన్షన్ పనుల్లో తీరిక లేకుండా ఉన్నారు, చదివే టైము ఉండదు. నాకు మాత్రం రాస్తూ ఉండు. నాగేశ్వరి కూతురు బ్లెస్సీ మీ దేశమే వస్తోంది, ఏదో ఇంట్లో పనికట. ఆమెతో ఏమీ పంపడం కుదరలేదు. ఆమె కనిపించినా ఎక్కువ మాటలు పెట్టుకోకు. వాళ్ళ అమ్మ సంగతి తెలుసు కదా.

వదిన


హూరా
20 నవంబరు 2009

వదినా,

ఏం చెప్పి నీ పేరు ఎక్కించుకున్నావు?

ఈ రోజు ఆరాధనకు బ్లెస్సీ వచ్చింది. రిఫాలో పనట, మేడమ్ కారులో దింపి వెళ్ళింది. ఇంటి మీద బెంగతో ముఖం వాచిపోయి ఉంది. మన ఊరి పిల్ల కదా అని నా ప్రాణం ఊరుకోక, నువ్వు చెప్పిన మాట పక్కన పెట్టి దగ్గరకెళ్ళాను. గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టబోయాను. వెనక్కి జరిగింది.

"వద్దండి ఆంటీ. మీ ఇంటి సంగతి ఊరందరికీ తెలుసండి. సువార్తమ్మగారిని గాలికొదిలేసి నర్సు జీతం మీరొక్కరే తింటన్నారంట కదండీ. ఆవిడ ఏడ్చుకుంటా మీటింగులో చెప్పిందండి. కార్డులోంచి మీ పేరు కూడా కొట్టేయించేసిందండి."

చుట్టూ అందరూ ఉన్నారు. నేను మెట్లు కడిగే బిల్డింగులో ఉండేవాళ్ళు కూడా ఉన్నారు. నర్సు అన్న మాట వినగానే ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నేను పచ్చడి సీసా మళ్ళీ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేశాను. ఇక్కడ అబద్ధాలకోరునయ్యాను, అక్కడ రాతిగుండెదాన్నయ్యాను.

నిజం రాయి. దాచకు.

రోజీ


కొత్తలంక
3 డిసెంబరు 2009

రోజీ,

బ్లెస్సీ చెప్పింది నిజమే.

నీ ఉత్తరం రవికలో పెట్టుకునే వెళ్ళాను. చూపించాలనే వెళ్ళాను. నా పేరు రాగానే లేచాను కూడా. "మా రోజీ నర్సు కాదండీ" అనబోయాను. అయితే ఏం పని అని అడుగుతారని తోచి ఆగిపోయాను. నీకు గుర్తుందో లేదో, మీ అమ్మ కామందుల దొడ్లు కడిగేది. నిన్ను హాస్టల్లో వేసి పది దాకా చదివించింది ఆ పని నీ దాకా రాకూడదనే. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "దాని సేతికి సీపురు రానియ్యకే సువార్తా" అంది. ఆ మాట ఇచ్చినదాన్ని నేను. ఆ ఉత్తరం తీసి నాగేశ్వరి ముందు ఎలా పెట్టను?

నోటికి వచ్చింది అనేశాను. "మా మరదలు మారిపోయిందండీ. తన జీతం తనదే, నాకు పైసా రాదు. దానికీ నాకూ సంబంధం లేదు" అన్నాను. ఏడుపు మాత్రం నటన కాదు. అందరూ అయ్యో అన్నారు. అంతకుముందు ఎగతాళి చేసిన నాగేశ్వరే నా భుజం మీద చెయ్యి వేసింది. అయితే కార్డులో పేరు ఎందుకని నరసాయమ్మ అడిగింది. కొట్టేయమన్నాను. ఆ మర్నాడే ఆఫీసుకు తీసుకెళ్ళి కొట్టేయించింది.

నువ్వు బాత్రూములు కడుగుతావని తెలియడం కంటే, నర్సుగా ఉండి నన్ను వదిలేశావని అనుకోవడమే నయం అనిపించింది. పరువు కాపాడాననుకున్నాను. నువ్వు ఎప్పుడో వచ్చాక ఊళ్ళో అందరికీ నేనే సర్దిచెబుదామనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే కార్డులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ కార్డు పెట్టెలో అడుగున పెట్టేశాను, చూడలేక.

నా తప్పే. ఏం చెయ్యమంటావో రాయి.

వదిన


హూరా
11 డిసెంబరు 2009

టిమోతి అయ్యగారికీ, సంఘస్థులందరికీ, డ్వాక్రా గ్రూపు లీడరు నరసాయమ్మ గారికీ రోజీ వందనాలు.

వదినా, ఈ ఉత్తరంలో చీటీ లేదు. ఏమీ తీయకుండా అయ్యగారికి ఇవ్వు. ఆదివారం వరకూ ఆగకుండా క్రిస్మస్ ఆరాధనలోనే చదవమను. ఆ రోజు అందరూ ఉంటారు.

అయ్యగారూ, ఇన్నాళ్ళూ నా ఉత్తరాలు మీరు గట్టిగా చదివారు. దీన్ని కూడా అలాగే చదవండి. మధ్యలో ఆపకండి, ఏ మాటా మార్చకండి.

నేను నర్సును కాను. బహ్రెయిన్‌లో మెట్లు, బాత్రూములు కడుగుతాను. మూడు అంతస్తులు నా చేతి కింద ఉన్నాయని రాసింది ఆ మెట్ల గురించే. ఇది రాస్తుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మీరందరూ అక్కడ కూర్చుని వింటున్నట్టే ఉంది. మా అమ్మ ఏ పనైతే నాకు రాకూడదనుకుందో అదే చేస్తున్నాను. సంపాదనలో చాలా భాగం వీసాకే పోతుంది. మిగిలినప్పుడు మా వదినకు పంపాను, మిగలనప్పుడు పంపలేదు. నా పేరున మీరు పుచ్చుకున్న కానుకలు ఆమె పీచు మిల్లులో దుమ్ము మింగి సంపాదించినవి. వాటికి బదులుగా నా పేరున ప్రార్థనలు చేశారు. అవి ఆమెకు చెందాలి.

నరసాయమ్మ గారూ, నా వదిన మీటింగులో నా గురించి చెప్పింది నిజం కాదు. నేను ఆమెను వదలలేదు. నా పని పేరు ఆమె నోటితో పలకలేక అలా చెప్పింది. ఆమె మీద కోపగించుకోవద్దు. ఆమె బీదదన్నది మాత్రం నిజం. ఆ జాబితాలో ఆమె పేరు న్యాయంగానే ఉంది, తీయకండి.

నేను మెట్లు కడుగుతానని మీరు చెప్పుకోండి. నవ్వుకోండి. రెండు రోజులు బాధపడతాను, తర్వాత అలవాటవుతుంది. కానీ నన్ను పెంచినదాన్ని గాలికొదిలేశానని మాత్రం అనకండి. ఆ మాట మోయలేను.

నాగేశ్వరి పిన్నీ, బ్లెస్సీ మీద బెంగ పెట్టుకోకు. శుక్రవారాలు నేను చూసుకుంటాను. దాని మేడమ్ మంచిదేనట.

చివరిగా ఒక్క మనవి. నాకు భర్త లేడు, పిల్లలు లేరు. నా పేరు రాసి ఉన్న ఇల్లు ఈ లోకంలో అదొక్కటే. దయచేసి తెల్లకార్డులో మా వదిన పేరు కింద నా పేరు మళ్ళీ రాయించండి.

రోజీ
మెట్లు కడిగే పని, హూరా